టాలో క్రీక్, ఆఖరి లెక్కింపు

ఇక్కడ వేలికి సిరా పెట్టరు.
పేరు మీద స్కేలు ఆనించి గీత గీస్తారు, అంతే.
ఆ స్కేలు ఈ శనివారం నా చేతిలో ఉంది,
మెల్‌బోర్న్ పడమటి కొసన, సెయింట్ కల్మన్ స్కూల్లో,
నాలుగో బల్ల, ఇంటిపేరు కె నుంచి ఎమ్ దాకా.
వచ్చే ఎన్నికకి ఈ నియోజకవర్గం ఉండదు.
గెజిట్‌లో వేశారు: టాలో క్రీక్, రద్దు.
ఒక్క కామా, ఒక్క మాట.

టాలో అంటే పశువుల కొవ్వు.
వాగు ఒడ్డున కాగుల్లో కరిగించి
సబ్బులూ కొవ్వొత్తులూ చేసి ఓడలెక్కించేవారట.
గాలి తిరిగిన పూట
ఓటరు జాబితా జాబితా అంతా ముక్కు మూసుకునేదట.

1889లో గొలుసు పట్టుకుని దిగారు సర్వేయర్లు.
వాగు నుంచి రైలుకట్ట దాకా,
రైలుకట్ట నుంచి కబేళా గోడ దాకా.
వాగుకి అప్పటికే ఇంకో పేరుంది.
ఆ పేరుతో పిలిచేవాళ్ళని
ఏ జాబితాలోనూ రాసుకోలేదు.
మా తాతది కరణీకం. గొలుసు సంగతి నాకు తెలుసు:
నేలనే కొలుస్తున్నట్టు నటిస్తుంది.

మొదటి పోలింగు సారాకొట్టు వెనక గదిలో.
మగవాళ్ళే.
1911లో గానీ బ్రిజిడ్ కిన్నేన్ లోపలికి రాలేదు,
కబేళాలో పేగులు కడిగే మనిషి.
తడిచేతులకి కాగితం మెత్తబడిపోతే
అధికారి కిటికీలో ఆరబెట్టి మరీ లెక్కపెట్టాడని
ఆమె మునిమనవరాలు చెప్పింది నాకు,
మధ్యాహ్నం, బయట సాసేజ్ తింటూ,
ఉల్లిపాయ ముక్క చొక్కా మీద పడేసుకుని.

తర్వాత టెడ్ మల్వానీ.
ఇరవై ఏడేళ్ళు కూర్చున్నాడు అసెంబ్లీలో.
లేచింది ఆరుసార్లు.
నాలుగుసార్లు మురుగుకాలువ గురించే.
అయిదోసారి కిటికీ వేయమని.
ఆరోసారి ఏం మాట్లాడాడో ఎవరికీ గుర్తులేదు,
కాలువ మాత్రం వచ్చింది.

అరవైల్లో ఒకసారి గీత జరిపారు.
పెన్సిలు జారిందో, కావాలనే జార్చారో,
కార్మెన్ జమ్మిత్ ఇంటి మధ్యనుంచి పోయింది.
వంటగది ఈ సీటులో, పడకగది పక్క సీటులో.
మాల్టా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, అయినా అర్థమైంది ఆమెకి:
"వండేది లేబర్‌కి, పడుకునేది లిబరల్స్‌తో"
అని వీధంతా నవ్వించేదట.
గట్టు తగాదాలు చూశాను గానీ
మంచం కిందుగా పోయే గట్టు చూడలేదు నేను.

కబేళా మూతపడింది. సబ్బుల ఫ్యాక్టరీ మూతపడింది.
కొవ్వొత్తుల కొట్టులో ల్యూ గారి బేకరీ వెలిసింది,
తెల్లారుజామున మూడింటికి వెలిగే ఒకే ఒక్క కిటికీ.
ఇప్పుడక్కడ పదకొండు అంతస్తులు.
పేరు టాలో రెసిడెన్సెస్.
కింద హాల్లో కొవ్వొత్తులు పెడతారు,
మల్లెపూల వాసనవి.

ఆరింటికి తలుపులు మూశాం.
పెట్టెలు బోర్లించి, మడతలు విప్పి, కట్టలు కడుతుంటే
ఒక కాగితంలో ఏ గడీ నింపలేదు.
అడుగున వణుకుతున్న పెన్సిలుతో
మల్వానీ, పక్కన ఒకటి అంకె.
ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది.
కాసేపు పట్టుకుని కూర్చున్నాను.
సూపర్‌వైజర్ నా వైపు చూసింది.
చెల్లని ఓట్ల దొంతరలో పెట్టాను,
రెండువందల పన్నెండోది.

పెన్సిళ్ళ దారాలు కత్తిరించి సంచిలో వేసి
బయటికొచ్చేసరికి సన్నగా వాన.
కొత్త సీటుకి ఎవరో న్యాయమూర్తి పేరు పెట్టారు.
ఆయన ఈ వాగు ఎప్పుడైనా దాటాడో లేదో.
వంతెన మీద ఆగాను.
కింద మల్వానీ కాలువలో
నీళ్ళు చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి
ఏ సీటులోంచి ఏ సీటులోకో.